తేదీలుగా మారిన ఇంటి నంబర్లు

కామా మీద నాకున్నంత కోపం లోకంలో ఇంకెవరికీ ఉండి ఉండదు. అంతకు మించిన కోపం ఒక మాట మీద ఉంది: "లెక్క సరిపోయింది." ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఒకదాన్ని. అందుకని ఈ రాత చల్లగా, మర్యాదగా సాగుతుందని ఎదురుచూడకండి. రిటైరయ్యాక మనుషులు శాంతిస్తారంటారు. నాకైతే తీరిక దొరికి కోపం ఇంకా పెరిగింది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా చెల్లెలి కూతురు ఈ మధ్యే డేటా ఉద్యోగంలో చేరింది. మొదటి వారం గడిచాక మా ఇంటికి వచ్చి, "పెద్దమ్మా, నువ్వు గూడ గిదే పని చేసినవంట గదా. ఏం చేస్తుంటివి?" అని అడిగింది. ఒక ఫైల్లో ఉన్న మనుషుల్ని ఇంకో ఫైల్లోకి దాటించేదాన్ని అని చెప్పాను. "గంతేనా?" అంది. గంతే. కానీ ఆ దాటించడంలో మనుషులు ఎలా జారిపడతారో నాకు తెలుసు, దానికింకా తెలియదు. నా ప్రమోషన్లు, సర్టిఫికెట్లు, వీడ్కోలు సభలో ఎవరు దండ వేశారు, అవన్నీ వదిలేస్తున్నాను. వాటితో మీకు పని లేదు.

పని అంటే

నాంపల్లి స్టేషన్ రోడ్డులో సూట్‌కేసుల జిప్పులు బాగుచేసే దుకాణం పైన మా ఆఫీసు. తొంభైల మొదట్లో నేను చేరినప్పుడు ఆరు కంప్యూటర్లు, ఒక ఏసీ ఉండేవి. ఏసీ కంప్యూటర్ల కోసం, మా కోసం కాదు. రకరకాల సంస్థలు తమ జాబితాలు మాకు పంపేవి. సభ్యులు, విద్యార్థులు, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు. ఒకచోట తయారైన జాబితా ఇంకోచోటి కంప్యూటర్‌కు అర్థం కావాలంటే అందరూ చదవగలిగే సాదా రూపం ఒకటి కావాలి. అదే సీఎస్‌వీ ఫైలు. ఒక్కో వరుస ఒక్కో మనిషి. ఆ మనిషి పేరు, వయసు, చిరునామా, వాటి మధ్య కామాలు. దాన్ని డేటాబేస్‌లోకి ఎక్కించడం ఇంపోర్టు, డేటాబేస్‌లోంచి మళ్లీ అలాంటి ఫైల్లోకి దించడం ఎక్స్‌పోర్టు. రెండింటికీ కంప్యూటర్‌కు ఆదేశాలిచ్చే చిన్న చిన్న స్క్రిప్టులు రాసేవాళ్లం. ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ ప్రోగ్రాం రోజుల్లో ఒక్క వాక్యంతో పని అయిపోయేది. అందుకే ఇదీ ఒక పనేనా అని అందరూ అనుకునేవాళ్లు.

ఈ పనిలో నా మొదటి గురువుకు కంప్యూటర్ అంటే ఏమిటో తెలియదు. ఆయన మా నాన్న. మెదక్‌లో ఒక క్రైస్తవ మిషన్ ప్రెస్సులో కంపోజిటరు. సీసం అక్షరాలు పేర్చి పేజీ కట్టేవాడు. ప్రూఫు తీశాక ఒక్కడే ఎప్పుడూ దిద్దేవాడు కాదు. ఒకరు చేతిరాత ప్రతిని పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫు మీద వేలు పెట్టి వెంట రావాలి. సెలవుల్లో చదివే వంతు నాది. ఎందుకు నాన్నా, నువ్వే రెండూ చూసుకోవచ్చు కదా అంటే, "ఒక్కనికి రెండు కాయితాలు ఇస్తే కన్ను తనకు కావల్సింది చదువుకుంటది బిడ్డా" అనేవాడు. ఆ మాట విలువ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

గన్‌ఫౌండ్రీ గారు

నా మొదటి బాసు రహమాన్ సాబ్. పొట్టిగా, బొద్దుగా, చేతిలో ఎప్పుడూ ఒక ఎర్ర పెన్సిలుతో ఉండేవాడు. ఫాక్స్‌ప్రో పుస్తకం అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొని, అట్ట ఊడిపోయిన దాన్ని చదివే మొత్తం నేర్చుకున్నాడు. నాకూ ఆ పుస్తకమే ఇచ్చాడు. సగం పేజీల్లో ఆయన ఎర్ర గీతలు, మిగతా సగంలో ముందు యజమాని చాయ్ మరకలు ఉండేవి.

అప్పుడు నేను చేసిన మొదటి పెద్ద తప్పు ఒక గ్రంథాలయం సభ్యుల జాబితాలో జరిగింది. ఫైల్లో సభ్యత్వ సంఖ్య, చిరునామా, పేరు ఆ వరుసలో ఉన్నాయి. చిరునామాలో ఇంటి నంబరు తర్వాత ఒక కామా, ఆ తర్వాత గన్‌ఫౌండ్రీ అని పేట పేరు. స్క్రిప్టుకు ఆ కామా చిరునామాలోదో, గడుల మధ్యదో ఏం తెలుసు? చిరునామా అక్కడితో ముగిసిందనుకుని, గన్‌ఫౌండ్రీని పేరు గడిలో కూర్చోబెట్టింది. నేను చూడలేదు. కార్డులు అచ్చయి పోస్టులో పోయాయి.

నాలుగు రోజులకు ఒక పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. బ్యాంకులో పనిచేసి మానేసినాయన. కార్డు టేబుల్ మీద పెట్టి, "అమ్మా, గన్‌ఫౌండ్రీ గారని మా ఇంటికి ఉత్తరం వచ్చింది. మా ఇంట్లో అందరం వెతికాం, ఆయన కనపడలేదు. మీ దగ్గర ఏమైనా ఉన్నాడా?" అని అడిగాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. రహమాన్ సాబ్ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వి, ఆయనకు చాయ్ తెప్పించి పంపాడు. తర్వాత తలుపు మూసి నా వైపు తిరిగాడు.

"గిప్పుడు నవ్వుడు అయిపోయింది. ఎంతమందికి గిట్ల పోయినయి?"

"తెల్వది సాబ్."

"తెల్వదంటే ఎట్లమ్మా? బస్సుల కండక్టర్‌ను చూసినవా? ఎంతమంది ఎక్కిన్రు, ఎంతమంది దిగిన్రు, లోపల ఎంతమంది ఉన్నరు, అడిగితే టక్కున చెప్తడు. నువ్వు ఫైల్ ఎక్కించే ముంగట లెక్క, ఎక్కించినంక లెక్క, దించినంక లెక్క. మూడూ కలవాలె. కలవకుంటే ఇంటికి పోవద్దు."

తప్పు పోయిన ప్రతి కార్డునూ నా చేత చేత్తో మళ్లీ రాయించాడు. క్షమాపణ కూడా రాయించాడు. చిరునామా మొత్తాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెడితే లోపలి కామాను స్క్రిప్టు పట్టించుకోదని అప్పుడే నేర్చుకున్నాను. మూడు లెక్కల అలవాటూ అప్పుడే పట్టింది. దానికి నేనే నాన్న అలవాటు జత చేశాను. ప్రతి వందో వరుసనూ పక్క సీటు అమ్మాయి పైకి చదివేది, నేను కాగితం దరఖాస్తు మీద వేలు పెట్టి చూసేదాన్ని. రహమాన్ సాబ్ ఉన్నన్నాళ్లూ అలాగే నడిచింది. తప్పు చేస్తే అరిచేవాడు, కానీ దాచమని ఏనాడూ అనలేదు. బాసుల్లో ఈ ఒక్క గుణం ఉంటే చాలు, మిగతా అన్నీ మన్నించవచ్చు.

ప్రార్థన కూటం

రెండు వేల సంవత్సరం దాటాక రహమాన్ సాబ్ గుండె జబ్బుతో పని మానేశాడు. ఆయన సీట్లోకి ప్రసాద్ గారు వచ్చారు. కృష్ణా జిల్లా మనిషి, ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మాట. ఎవర్నీ ఏకవచనంతో పిలిచేవారు కాదు. ఆయన చెడ్డవాడని నేను అనను. చెడ్డవాళ్లను పసిగట్టడం తేలిక. ఆయనకు ఉన్నదల్లా ఒక్క జబ్బు: పని అయిపోయినట్టు కనపడాలి.

అప్పటికి పెద్ద డేటాబేస్ వచ్చింది. సీఎస్‌వీ ఎక్కించడానికి లోడర్ స్క్రిప్టు ఉండేది. చెడిపోయిన వరుసలు కనపడితే లోడర్ వాటిని విడిగా ఒక ఫైల్లో పడేస్తుంది. దాన్ని బ్యాడ్ ఫైలు అనేవాళ్లం. అలాంటివి మరీ ఎక్కువైతే పని ఆపేస్తుంది కూడా. అది మంచి లక్షణం. ప్రసాద్ గారికి నచ్చలేదు. ఎన్ని తప్పులొచ్చినా ఆగకుండా ఆ హద్దును ఆకాశమంత పెంచమన్నారు. పెంచాక తెర మీద "లోడ్ పూర్తయింది" అని వచ్చేది, ఆయన ముఖం వెలిగిపోయేది. బ్యాడ్ ఫైల్లో ఉన్నవాళ్ల సంగతేమిటని అడిగితే, "తర్వాత చూద్దాం లెండి" అనేవారు. నేను భోజనం వేళ ఒక్కొక్కరినీ దిద్ది ఎక్కించుకునేదాన్ని. ఆయన అన్న ఆ "తర్వాత" మాత్రం ఆ ఆఫీసులో ఎప్పుడూ రాలేదు.

ఒకరోజు నేనూ పక్క సీటు అమ్మాయీ వరుసలు చదువుకుంటుంటే వచ్చి నిలబడ్డారు. "ఎస్తేరు గారూ, ఇద్దరు మనుషులు కూర్చుని పేర్లు చదువుకోవడం ఏంటండీ? ఇది ఆఫీసా, ప్రార్థన కూటమా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆ రోజు నుంచి చదవడం మానేశాం. లెక్క మాత్రం మిగిలింది.

స్వరూప

ఒక ప్రభుత్వ శాఖవాళ్లు ఆడపిల్లల హాస్టళ్లలో మేట్రన్ ఉద్యోగాలకు దరఖాస్తులు పిలిచారు. దరఖాస్తుల జాబితా ఎక్కించడం, ఇంటర్వ్యూ ఉత్తరాలకు చిరునామాలు దించడం, లేబుళ్లు అతికించి పోస్టు చేయడం, ఇంటర్వ్యూలయ్యాక హాజరు జాబితా ఎక్కించడం, అన్నీ మా ఆఫీసుకే ఇచ్చారు. కవర్ల మీద పంపినవాళ్ల చిరునామా కూడా మాదే.

ఉత్తరాలు పోయిన వారానికి ఒకామె మెట్లెక్కి వచ్చింది. అబిడ్స్‌లో చీరల దుకాణానికి ఫాల్స్ కుట్టి ఇచ్చేది, స్టేషన్ వెనక గల్లీలో కిరాయి గదిలో తల్లితో ఉండేది. పేరు స్వరూప. చేతి సంచిలో కుట్టాల్సిన చీరలు అలాగే ఉన్నాయి.

"అక్కా, లిస్టు ఈడనే తయారైతదని చెప్పిన్రు. జర నా పేరు ఉందో లేదో చూస్తవా? గీ ఏడు దాటితే నాకు ఏజ్ బార్ అయితది. ఇదే ఆఖరు."

చూశాను. పేరు ఉంది. ఇంటి నంబరు 5-6-81, నాంపల్లి. ఉత్తరం పంపినట్టు గుర్తూ ఉంది.

"ఉన్నదమ్మా. నీకు లెటర్ పోయింది. ఫికర్ చెయ్యకు, పోస్టుమాన్ తెస్తడు."

ఆమె మళ్లీ మూడు రోజులకు వచ్చింది. ఇంకా రాలేదంది. ఇంటర్వ్యూ ఏ తారీఖున ఎక్కడో ఉత్తరంలోనే ఉంటుంది, ఉత్తరం లేనిదే లోపలికి రానివ్వరు. నేను లెక్క పుస్తకం తీసి చూశాను. దించినవి ఎన్నో, అచ్చయిన లేబుళ్లు ఎన్నో, పోస్టులో వేసినవి ఎన్నో, మూడూ కలిశాయి. "లెక్క సరిపోయిందమ్మా, నీది పోయింది. తలుపు కాడ చూసుకుంట ఉండు" అన్నాను. ఆమె పనికి పోకుండా గుమ్మంలో కూర్చుని పోస్టుమాన్ కోసం చూసిందట. నా మాట నమ్మే కూర్చుంది.

మూడోసారి వచ్చినప్పుడు లోపలికి కూడా రాలేదు. మెట్ల మీదే నిలబడింది.

"నిన్న ఇంటర్వ్యూలు అయిపోయినయంట అక్కా. నాకు లెటరే రాకపాయె." అంతే చెప్పి దిగిపోయింది. ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేదేమో.

యూపీఎస్ వెనక సంచి

పోస్టు చేసిన రశీదులు చూద్దామని యూపీఎస్ గదిలోకి వెళ్లాను. బ్యాటరీల వెనక పోస్టాఫీసు గోనెసంచి ఒకటి ఉంది. మూతి విప్పితే అన్నీ మా కవర్లే. తిరిగొచ్చినవి. చిరునామా దొరకలేదని ముద్రలు. రబ్బరు బ్యాండు వేసిన మొదటి కట్ట నాంపల్లిది. పైన స్వరూప కవరు. పేరు సరిగ్గా ఉంది. దాని కింద ఇంటి నంబరు ఉండాల్సిన చోట 05-జూన్-81 అని ఉంది.

దాని కింద కవరు మీద 05-జూన్-82. ఇంకా కింద 11-మార్చి-95. కట్టంతా తేదీలే.

నా సీటుకు పరుగెత్తి, నేను దించిన అసలు ఫైలూ లేబుళ్లకు పోయిన ఫైలూ పక్కపక్కన తెరిచాను. నా దాంట్లో 5-6-81. లేబుళ్ల దాంట్లో జూన్ అయిదు. మధ్యలో ఏం జరిగిందంటే, శాఖ అధికారికి చూపించడానికి ప్రసాద్ గారు ఆ ఫైలును స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి, పేర్లను అక్షర క్రమంలో పేర్చి, మళ్లీ సేవ్ చేశారు. ఇది తేదీ కాబోలు అని స్ప్రెడ్‌షీట్ తనంతట తానే అనుకుంది. ఎవర్నీ అడగలేదు. మన హైదరాబాద్ ఇంటి నంబర్లు మూడు ముక్కలుగా, మధ్యలో గీతలతో ఉంటాయి కదా. 11-4-637 లాంటి పెద్ద నంబర్లు బతికిపోయాయి. 5-6-81/2 లాగా చివర బై నంబరు ఉన్నవి బతికిపోయాయి. చిన్న చిన్న అంకెలున్నవి మాత్రమే తేదీలైపోయాయి. మొదటి పేజీలో అన్నీ పెద్ద నంబర్లే పడ్డాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

పల్లెల్లో 4-7 అనే ఇల్లు జూలై నాలుగు అయినా ఉత్తరం అందింది. అక్కడ పోస్టుమాన్‌కు పేరు చాలు. నాంపల్లి గల్లీల్లో ఒక్కో ఇంట్లో నాలుగు కిరాయి కుటుంబాలు, ఆరు నెలలకొకసారి మారుతుంటాయి. అక్కడ నంబరు పోతే మనిషి పోయినట్టే.

రెండు ఫైళ్లలోనూ వరుసల లెక్క ఒక్కటే. ఒక్క మనిషి కూడా తగ్గలేదు. రహమాన్ సాబ్ నేర్పిన లెక్క నేను తప్పకుండా చేశాను. నాన్న నేర్పిన చదవడం చేయలేదు. లేబుళ్ల ఫైల్లో ఒక్క వంద వరుసలు పైకి చదివి ఉంటే, పక్క సీటు అమ్మాయి నోట "జూన్ అయిదు, నాంపల్లి" అని వినపడి ఉంటే, అక్కడికక్కడే దొరికేది.

ఆ మధ్యాహ్నం ప్రసాద్ గారి ముందు స్వరూప కవరు పెట్టాను.

"రిటర్నులు ఎప్పుడూ వస్తాయండీ ఎస్తేరు గారూ. అడ్రసులు వాళ్లు సరిగ్గా రాయకపోతే మనమేం చేస్తాం?"

"వాళ్లు మంచిగనే రాసిన్రు సార్. మనం ఖరాబు చేసినం. మీరు షీట్‌ల తెరిచి సేవ్ చేసిన్రు, నంబర్లు తేదీలైనయి. సంచి ఎన్నడు వచ్చింది?"

ఆయన దాచలేదు. "ఇంటర్వ్యూకి ఆరు రోజుల ముందు" అన్నారు.

"ఆరు దినాలు! నడుసుకుంట పోయి ఇంటింటికి ఇచ్చినా అయిపోతుండె గద సార్!" ఆఫీసంతా నా వైపు చూసింది. చూడనీ అనుకున్నాను.

"అరవకండి. డిపార్ట్‌మెంటుకు తెలిస్తే ఈ పని పోతుంది. పని పోతే ఇక్కడ పన్నెండు మంది ఉద్యోగాలు పోతాయి, అందులో మీదీ ఒకటి. పైగా లెక్క సరిపోయిందని నాకు చెప్పింది మీరే కదా?"

నిజమే, నేనే చెప్పాను. అయినా రేపు శాఖకు వెళ్లి చెప్పేస్తానని అన్నాను. స్వరూప కవరు తెరవకుండా నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. చూపించడానికి నమూనాగా ఒకటి చాలనుకున్నాను. సంచి బరువుగా ఉంది, బస్సులో పోవాలి, రేపు ఆటోలో తీసుకెళ్దాం అనుకున్నాను.

మర్నాడు పొద్దున వచ్చేసరికి సంచి లేదు. పాత కాగితాలతో కలిపి రద్దీకి, అంటే తూకానికి, వేసేశామన్నారు. ఎవరు వేశారంటే అందరూ గోడల వైపు చూశారు. అబిడ్స్ వెనక గల్లీల్లో రద్దీ కొట్లన్నీ తిరిగాను. ఒక కొట్టతను త్రాసు ఎత్తకుండానే, "కవర్లు ఎవడు దాస్తడమ్మా? పొద్దుగాలనే లోడు పోయింది" అన్నాడు.

కవరు కావాలి

లక్డీకాపూల్‌లో శాఖ అధికారిని కలిశాను. ఏ ఇంటి నంబర్లు తేదీలుగా చెల్లుతాయో వెతికే చిన్న స్క్రిప్టు రాసి, నష్టపోయినవాళ్ల జాబితా మొత్తం ముందే తీసుకెళ్లాను. పేరు, అసలు నంబరు, పాడైన నంబరు, పక్కపక్కన. ఆయన ఓపికగా విన్నాడు. అర్థమైంది కూడా.

"అమ్మా, మీరు చెప్పేది నిజమే కావచ్చు. కానీ వీళ్లందరూ గైర్హాజరని నా ఫైల్ల ఉంది."

"అది మా స్క్రిప్టు వేసింది సార్. హాజరు గడి ఖాళీగ ఉంటే గైర్హాజరని వెయ్యమని నేనే రాసిన."

"మరి గిప్పుడు కాదంటే ఎట్ల? కంప్యూటర్ లిస్టు ఎవరైనా తయారు చేస్తరు. నాకు పోస్టాఫీసు ముద్ర ఉన్న కవరు కావాలె. తెరవని కవరు తెచ్చినోళ్లకు ఇంటర్వ్యూకు ఇంకో తారీఖు ఇస్త."

ఇప్పటికీ నా ఒళ్లు మండేది ఇక్కడే. మనిషిని గైర్హాజరు చేయడానికి కంప్యూటర్ లిస్టు సరిపోయింది. అదే కంప్యూటర్ లిస్టు ఆ మనిషిని వెనక్కి తేవడానికి సరిపోలేదు. పెద్ద పోస్టాఫీసులో రెండు పూటలు నిలబడ్డాను. మామూలు పోస్టులో తిరిగొచ్చిన ఉత్తరాలకు పేరుపేరునా రికార్డు ఉండదన్నారు. వాళ్ల తప్పు కాదు. ఇంకా రెండుసార్లు లక్డీకాపూల్ వెళ్లాను, రాతపూర్వకంగా అర్జీ ఇచ్చాను, తప్పు మాదేనని సంతకం పెట్టాను. అర్జీ తీసుకున్నట్టు ముద్ర వేసి ఇచ్చారు. ముద్ర మాత్రం బాగా పడింది.

కవరు ఒక్కటే ఉంది. స్వరూపకు ఇంకో తారీఖు ఇచ్చారు.

ఆ తర్వాత వెంటనే రాజీనామా చేశానని రాసుకోవాలని ఉంది. చేయలేదు. ఇల్లు గడవాలి. ఇంకో రెండేళ్లు అదే సీట్లో కూర్చున్నాను. శాఖ పని కూడా పోలేదు, ప్రసాద్ గారి భయం వట్టిదే. కానీ ఫైలు నా చేతి నుంచి పోయాక ఇంకెవరూ తెరవకుండా నేనే లేబుళ్ల దగ్గరికి మోసుకెళ్లేదాన్ని. ప్రార్థన కూటం మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఎవరూ నవ్వలేదు, నవ్వితే నేను ఊరుకునేదాన్నీ కాదు.

చేరబోయే మీకు

అసలు ఫైలును ముట్టుకోకండి. దానికి నకలు తీసి, ఆ నకలు మీద పని చేయండి. సీఎస్‌వీని చూడాలనిపిస్తే సాదా అక్షరాలు చూపించే ఎడిటర్‌లో చూడండి, స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి సేవ్ చేసేవాడి చెయ్యి పట్టుకోండి. బాసైనా సరే. ఇంటి నంబరు, పిన్‌కోడ్, ఫోన్ నంబరు, ఇవి అంకెల్లా కనపడతాయి కానీ కూడడానికీ తీసివేయడానికీ కావు. వాటిని అక్షరాలుగానే ఎక్కించండి. దించినదాన్ని ఖాళీ పట్టికలోకి మళ్లీ ఎక్కించి, అసలు దాంతో పోల్చండి. తప్పుల హద్దు పెంచమంటే పెంచకండి, ఎందుకు పెంచమంటున్నారో రాసిమ్మనండి. రాసివ్వరు. గడి ఖాళీగా ఉందంటే తెలియదని అర్థం, రాలేదని కాదు. ఈ చివరిది నేను రాసిన ఒక్క వాక్యంలో తప్పింది, దానివల్ల ఉత్తరం అందనివాళ్లందరూ గైర్హాజరయ్యారు.

ఇవన్నీ పాటించండి. పాటించినా సరిపోదు. ఎందుకో చెప్పి ముగిస్తాను.

ఉద్యోగం వచ్చాక స్వరూప మిఠాయి డబ్బాతో ఆఫీసుకు వచ్చింది. ఊరవతల హాస్టల్లో పోస్టింగు. కొత్త చీర కట్టుకుంది, దాని ఫాల్ తనే కుట్టుకున్నానని చూపించి నవ్వింది. అందరికీ మిఠాయి పంచింది, ప్రసాద్ గారికి కూడా. నా పక్కన స్టూలు మీద కూర్చుని చాయ్ తాగింది. లేచేముందు గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, మా పక్కింట్ల లలిత అని ఉంటది. అది గూడ దరఖాస్తు పెట్టింది, దానికి గూడ గిదే ఆఖరు ఏడు. లెటర్ రాలె. నా కవరు దొరికిన తాన దాని కవరు ఏమన్నా కనపడ్డదా?"

"లేదమ్మా" అన్నాను.

ఉంది. 05-జూన్-82. స్వరూప కవరు కిందే ఉంది. ఆ పేరు గల మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు కాబట్టి, చదివి మళ్లీ సంచిలోనే పెట్టేశాను.